ఎంటెక్ థీసిస్ దిద్దడం సరే, రాయడం ఎలా నేర్పాలి?

ప్రశ్న: క్యూబ్‌టెస్ట్ (గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్నాను. ఈ ఏడాది స్ట్రక్చర్స్ ఎంటెక్ పిల్లలు నలుగురు నా దగ్గర ప్రాజెక్ట్ చేస్తున్నారు. ఇద్దరివి ఫ్లై యాష్ (సిమెంటులో కొంత భాగానికి బదులు వేసే థర్మల్ స్టేషన్ బూడిద) కాంక్రీట్, ఒకరిది స్లాగ్ (ఇనుము కొలిమి వ్యర్థం), ఒకరిది రీసైకిల్డ్ అగ్రిగేట్ (పాత కాంక్రీటు పగలగొట్టిన కంకర).

ల్యాబ్ పని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎండ ముదరకముందే కాస్టింగ్ అయిపోవాలని పొద్దున్నే వచ్చి మిక్సర్ దగ్గర నిలబడతారు. ఏదైనా అడిగితే తడుముకోకుండా చెబుతారు. అదే మనిషి రాసిన చాప్టర్ చదివితే మాత్రం ఈ పని చేసింది వేరెవరో అనిపిస్తుంది.

రెండో చాప్టర్ తీసుకోండి. ఫలానా ఆయన 2011లో ఫ్లై యాష్ మీద పరిశోధించారు, ఫలానా ఆవిడ 2014లో పరిశోధించారు, ఇలా పేరా తర్వాత పేరా. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు, వరస తారుమారు చేసినా ఎవరికీ తెలియదు. నాలుగో చాప్టర్లో ఒక టేబుల్ ఉంటుంది. దాని కింద అవే అంకెలు వాక్యాలుగా ఉంటాయి. ఆ కింద మళ్లీ అవే బార్ చార్టుగా. చివర్లో "శాతం పెరిగే కొద్దీ స్ట్రెంగ్త్ మొదట పెరిగి తర్వాత తగ్గింది" అని ఒక ముక్క. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది, దానివల్ల ఎవరికేంటి, ఆ ఊసే ఉండదు.

దీనికి తోడు సిమిలారిటీ (వేరేవాళ్ల రాతతో పోలిక) పది శాతం దాటుతుందేమోనన్న భయం. ఆ భయంతో వాక్యాల్ని ఏదో పారాఫ్రేజ్ సాఫ్ట్‌వేర్లో వేసి తిప్పుతున్నారు. మొన్న ఒక అబ్బాయి డ్రాఫ్ట్‌లో కంప్రెసివ్ స్ట్రెంగ్త్ (నొక్కుడు తట్టుకునే బలం) కాస్తా "కంప్రెసివ్ క్వాలిటీ" అయి కూర్చుంది.

ట్రాక్ చేంజెస్ పెట్టి పేజీ అంతా ఎర్రగా చేసి పంపుతాను. సాయంత్రానికల్లా "కరెక్షన్స్ అయిపోయాయి మేడం" అని తిరిగి వస్తుంది. తర్వాతి చాప్టర్లో అవే తప్పులు.

ఇంకో సంగతి. వాళ్లలో ఒక అమ్మాయి పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం చదివింది. నలుగురిలో కాంక్రీటు బాగా తెలిసింది ఆమెకే. రాయమంటే మాత్రం బిగుసుకుపోతుంది. రెండు పేజీలు రాసి, సిగ్గుపడుతూ తెచ్చి, నేను చదువుతున్నంతసేపూ బల్ల వైపే చూస్తూ కూర్చుంటుంది.

సబ్మిషన్‌కి రెండు నెలలకు పైగా టైముంది. గ్రామర్ క్లాసులు పెట్టించాలా? ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ వాళ్లని అడగాలా? లేక అందరిలాగా నేనే తిరగరాసి పంపించేయాలా? మీలో గైడ్‌గా చేసినవాళ్లు, గైడ్ చేత తిట్లు తిన్నవాళ్లు, ఎవరైనా సరే చెప్పండి.

జవాబు: పాత_గైడు (హనుమకొండ)

అమ్మా, రిటైరై చాలాకాలమైంది కాబట్టి తీరిగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ముందు ఆ ఎర్ర రంగు ఆపేయండి, కనీసం మొదటి నెల. మీరు ఇంగ్లిష్ దిద్దుతున్నారు, కానీ జబ్బు అక్కడ లేదు. తమ ఫలితాలు ఏం చెబుతున్నాయో ఆ పిల్లలకి ఇంకా తేలలేదు. తేలని సంగతి ఏ భాషలో రాసినా అలాగే ఉంటుంది. "మొదట పెరిగి తర్వాత తగ్గింది" అన్నదాంట్లో వ్యాకరణం తప్పు ఎక్కడుందో చెప్పండి?

నేను ఒకటో చాప్టర్ ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు. గ్రాఫులు మాత్రం ప్రింట్ తీసుకుని రమ్మనేవాణ్ని, ఒక్కో కాగితానికి ఒక్కటి. బల్ల మీద పెట్టి "ఏం కనబడుతోందిరా ఇందులో?" అని తెలుగులోనే అడిగేవాణ్ని. ఫ్లై యాష్ పిల్లవాడైతే ఏమంటాడు? "సర్, 20 శాతం వేస్తే 28 రోజులకి మామూలు మిక్స్ కంటే కొంచెం తక్కువొచ్చింది, 56 రోజులకి దాన్ని దాటేసింది" అంటాడు. ఎందుకు దాటింది? "సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ వస్తుంది కదా సర్. ఫ్లై యాష్‌లో సిలికా దాంతో మెల్లగా కలిసి ఇంకాస్త జెల్ తయారుచేస్తుంది. అందుకే బలం ఆలస్యంగా వస్తుంది." అయితే ఎవరికి లాభం? "పెద్ద పోతలకి సర్, రాఫ్టులు, డ్యాములు. తొందరుండదు, వేడి కూడా తక్కువ పుడుతుంది."

అయిపోయింది. పేరా తయారు. ఏం కనబడింది, ఎంత, ఎందుకు, ఎవరికి పనికొస్తుంది. వాడు మాట్లాడిన వరసలోనే రాయమనండి. ఇప్పుడు ఫోన్లు ఉన్నాయి కదా, వాడు చెబుతున్నది రికార్డ్ చేసుకోమనండి. ఇంటికెళ్లి విని రాసుకుంటాడు. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా ఉన్నా ఆ పేరాకి ఒక వెన్నెముక ఉంటుంది. అప్పుడు మీరు భాష దిద్దినా అర్థముంటుంది.

అంకె ఒంటరిగా ఏమీ చెప్పదని కూడా వాళ్లకి తెలియాలి. క్యూబు బలం 38.6 ఎంపీఏ (మెగాపాస్కల్, బలానికి కొలత) వచ్చిందంటే ఎక్కువా, తక్కువా? ఎం30 గ్రేడ్‌కి (28 రోజులకి 30 ఎంపీఏ ఉండాల్సిన కాంక్రీటు) స్టాండర్డ్ డీవియేషన్ (ఫలితాల చెదురు) 5 తీసుకుంటే టార్గెట్ మీన్ స్ట్రెంగ్త్ (మిక్స్‌కి పెట్టుకునే సగటు లక్ష్యం) 30 + 1.65 × 5, అంటే 38.25. ఈ లెక్క మూడో చాప్టర్లో మిక్స్ డిజైన్ దగ్గర వాళ్లే చేసుంటారు. నాలుగో చాప్టర్ కొచ్చేసరికి గుర్తుండదు. 20 శాతం సిమెంటు తీసేసినా 28 రోజులకే టార్గెట్ అందిందంటే ఆ థీసిస్‌లో అంతకు మించిన కబురు లేదు. అది ఎక్కడా రాసి ఉండదు, వెతికి చూడండి.

ఇంకోటి, నాకు ఒళ్లు మండేది ఇది: 38.5778 అని రాస్తారు. క్యూబు విరిగిన 868 కిలోన్యూటన్ల బరువుని దాని ముఖం వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే ఎక్సెల్ ఇచ్చిన అంకె అది. మీ కంప్రెషన్ మిషన్ డయల్ మీద 5 కిలోన్యూటన్లకి ఒక గీత ఉందనుకోండి. ఒక్క గీత అటూఇటూ అయితేనే 0.22 ఎంపీఏ తేడా వస్తుంది. ఇక నాలుగో దశాంశం ఎక్కణ్నుంచి ఊడిపడింది? 38.6 చాలు. దీన్ని ఫార్మాటింగ్ తప్పు కింద చెప్పి వదిలేయకండి, మిషన్ దగ్గరికి తీసుకెళ్లి ఆ గీతల లెక్క వాళ్ల చేతే చేయించండి. మళ్లీ జన్మలో నాలుగు దశాంశాలు రాయరు.

అలాగే మూడు క్యూబుల సగటు ఒక్కటే ఇస్తారు. మూడు విలువలూ ఇవ్వమనండి. ఏ క్యూబూ సగటుకి 15 శాతం మించి తేడా ఉండకూడదని కాంక్రీటు మీద భారత ప్రమాణం ఐఎస్ 456 అంటుంది. సగటు మాత్రమే చూపిస్తే చదివేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అంతకంటే ముఖ్యం, 20 శాతం మిక్స్‌కీ 25 శాతం మిక్స్‌కీ తేడా అర ఎంపీఏ, ఒకే మిక్స్‌లో క్యూబుకీ క్యూబుకీ తేడా మూడు ఎంపీఏ అయితే "ఆప్టిమమ్ 20 శాతం" అని గట్టిగా రాయడానికి వీల్లేదు. "20 నుంచి 25 శాతం మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు" అనాలి. రాతలో ఎంత గట్టిగా మాట్లాడాలన్నది డేటా నిర్ణయిస్తుంది. ఇది ఏ గ్రామర్ క్లాసులోనూ దొరకదు.

మూడో చాప్టర్‌కి సులువైన పని ఒకటుంది. ఇద్దరు ఫ్లై యాష్ పిల్లలూ చాప్టర్లు మార్చుకోవాలి. ఒకరి చాప్టర్ చూసి రెండోవాళ్లు ఆ మిక్స్‌ని మళ్లీ వేయగలరా? ఫ్లై యాష్ ఏ పవర్ స్టేషన్‌ది, ఫ్లై యాష్ ప్రమాణం ఐఎస్ 3812కి సరిపోయిందా, సూపర్‌ప్లాస్టిసైజర్ (తక్కువ నీటితోనే కాంక్రీటు జారేలా చేసే మందు) ఎంత వేశారు, నీటి నిష్పత్తి (సిమెంటుకి ఎంత నీరు) లెక్కలో ఫ్లై యాష్‌ని కలిపారా లేదా, ఇవన్నీ అప్పుడు బయటపడతాయి. మీరు ఎర్రగా గీసి అడిగితే విసుక్కుంటారు. పక్కవాడు "ఒరే, నీ ప్లాస్టిసైజర్ డోసు ఏదిరా?" అని అడిగితే పరిగెత్తుకెళ్లి రాస్తారు.

లిటరేచర్ రివ్యూ సంగతి. మీరు చెప్పినట్టు అది ఓటర్ల లిస్టులా ఉంటుంది, పేరు, ఏడాది, పేరు, ఏడాది. పెద్ద కాగితం మీద పట్టిక గీయించండి. అడ్డం వరసకి ఒక పేపరు. నిలువు గళ్లలో ఏ సిమెంటు, ఎంత శాతం ఫ్లై యాష్, నీటి నిష్పత్తి ఎంత, ఎన్ని రోజులకి టెస్ట్ చేశారు, ఏం తేలింది. నింపాక అడ్డంగా కాకుండా నిలువుగా చదివి రాయమనండి. ఒకాయన 20 శాతం మంచిదన్నాడు, ఇంకొకాయన 30 అన్నాడు. ఎందుకని పక్క గళ్లు చూస్తే ఒకరు 28 రోజులకే ఆపేశారు, ఇంకొకరు 90 దాకా వెళ్లారు. అదే ఒక పేరా అవుతుంది. ఎవరూ 56 రోజుల గడి నింపలేదనుకోండి, మీ పిల్లవాడి పని అక్కడే మొదలవుతుంది.

ఇంట్రడక్షన్ అన్నిటికన్నా చివర. "ప్రపంచంలో నీటి తర్వాత ఎక్కువగా వాడేది కాంక్రీటు" అన్న మొదటి వాక్యం కనబడితే దయచేసి కొట్టేయండి. అది చదివీ చదివీ నా జుట్టు తెల్లబడింది.

జవాబు: కరవుసీమ_ఏపీ (అనంతపురం)

సర్ చెప్పినవాటితో నాకు పేచీ లేదు. కానీ సర్ రోజులు వేరు. మాకు వారం నిండా క్లాసులు, ఆపైన కాలేజీ గుర్తింపు కోసం నాక్ ఫైళ్లు, ఎన్‌బీఏ ఫైళ్లు, అడ్మిషన్ల సీజన్ వస్తే ఊళ్లు తిరగడం. ఒక్కో పిల్లవాణ్ని కూర్చోబెట్టి గ్రాఫు గ్రాఫుకీ ముచ్చటించే తీరిక ఏ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఉంది? బయటినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ (పరీక్షకుడు) కూడా ముందు తిరగేసేది సిమిలారిటీ రిపోర్టే. నేను చాలా చోట్ల చూసింది ఇదే: చివరి వారం గైడ్ కూర్చుని మొత్తం రాసేస్తారు, పిల్లవాడు ప్రింట్ తీసి బైండింగ్ చేయిస్తాడు. అది మంచిదనడం లేదు. మేడం గారు ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదంటున్నాను. నాలుగు థీసిస్‌లలో ఒక్కో థీసిస్‌కి ఒక్క సెక్షన్ మాత్రం సర్ చెప్పిన పద్ధతిలో చేయించండి, ఫలితాల సెక్షన్ అయితే మేలు. మిగతావి అర్థమయ్యేలా ఉంటే వదిలేయండి.

సిమిలారిటీ భయం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పిల్లల రాతని పాడుచేస్తున్నది ఎక్కువగా అదే. థీసిస్‌లో కాపీ మీద యూజీసీ 2018 నిబంధనలు ఒకసారి వాళ్ల చేత చదివించండి. 10 శాతం వరకు పెనాల్టీ లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే సవరించి ఆరు నెలల లోపు మళ్లీ ఇవ్వమంటారు. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించినదీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇంతవరకు అందరికీ తెలుసు, ఎందుకంటే భయపెట్టే భాగం ఇదే. తెలియనిది ఏంటంటే రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, మూలం చెప్పి కొటేషన్లో పెట్టినవి, సాధారణ పదాలు, స్టాండర్డ్ సింబల్స్, స్టాండర్డ్ ఈక్వేషన్స్ లెక్కలోకి రావు. కాకతాళీయంగా కలిసే మామూలు మాటలు వరసగా పద్నాలుగు పదాల దాకా ఉన్నా తప్పు కాదు. అంటే "కంప్రెసివ్ స్ట్రెంగ్త్ ఆఫ్ కాంక్రీట్" అని వెయ్యిసార్లు రాసుకోవచ్చు. లైబ్రరీలో రిపోర్టు తీసేటప్పుడు ఆ మినహాయింపులు ఆన్ చేశారా లేదా అని అడగండి. చేయకుండా తీసి 30 శాతం వచ్చిందని పిల్లల్ని బెదరగొట్టడం నేను కళ్లారా చూశాను.

పారాఫ్రేజ్ సాఫ్ట్‌వేర్ అయితే అసలు వద్దు. ఫ్రాన్స్‌లో పనిచేసే గియోమ్ కబనాక్, ఆయన సహచరులు ఇలాంటి వంకర మాటల్ని అచ్చయిన పేపర్లలో వెతికి 2021లో బయటపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ "కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్" అయిపోయింది, బ్రెస్ట్ క్యాన్సర్ "బోజమ్ పెరిల్" అయిపోయింది. ఆ తర్వాత అలాంటి పేపర్లు చాలా వెనక్కి తీసుకున్నారు. మీ అబ్బాయి "కంప్రెసివ్ క్వాలిటీ" అదే జాతి. సిమిలారిటీ తగ్గినా ఆ ఒక్క మాటతో దొరికిపోతాడు.

జవాబు: లబ్బక్_రాత్రులు (టెక్సస్)

మేడం, నేను ఇక్కడ ఎలక్ట్రికల్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఊరు తెనాలి. ఇక్కడ దాదాపు ప్రతి యూనివర్సిటీలోనూ రైటింగ్ సెంటర్ ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు పేపర్ ఇచ్చేసి "దిద్ది పెట్టండి, రేపు తీసుకుంటా" అన్నాను. వాళ్లు నవ్వి, దిద్దడం మా పని కాదన్నారు. ఒక పేజీ తీసి గట్టిగా చదవమన్నారు. చదువుతుంటే మూడో వాక్యం దగ్గర నాకే ఊపిరి చాల్లేదు. "ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావు?" అని అడిగితే చెప్పాను. "అదే రాయి" అన్నారు. పాత_గైడు సర్ చేసిందే అన్నమాట, ఇక్కడ దానికి ఒక ఆఫీసు, అపాయింట్‌మెంటు.

మా ప్రొఫెసర్ దిద్దే తీరు కూడా చెబుతాను, టైము లేనివాళ్లకి పనికొస్తుంది. తప్పు ఉన్న లైన్ పక్కన మార్జిన్లో ఒక చుక్క పెడతారు, అంతే. తప్పు ఏంటో చెప్పరు. వెతుక్కుని దిద్దుకోవడం మా పని. సగానికి పైగా మేమే పట్టుకుంటాం, ఎందుకంటే చాలావరకు అవి తెలియక చేసినవి కావు, చూసుకోక చేసినవి. దొరకనివి మాత్రం వెళ్లి అడుగుతాం. ఆయనకి పేజీకి రెండు నిమిషాలు కూడా పట్టదు. ట్రాక్ చేంజెస్‌లో అయితే "యాక్సెప్ట్ ఆల్" నొక్కేస్తే అయిపోతుంది, చుక్కలకి ఆ బటన్ లేదు.

భాష వైపు మన పిల్లలకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. "క్యూబులు పోసి, 24 గంటలాగి, మోల్డ్ విప్పి, నీళ్లలో ఉంచి, 28 రోజులకి టెస్ట్ చేశాం." తెలుగులో చక్కటి వాక్యం. దాన్నే ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి దింపితే ఐదు లైన్ల వాక్యం అవుతుంది, పైగా క్యూబులే తమ మోల్డులు విప్పుకుని నీళ్లలోకి దిగినట్టు అర్థం వస్తుంది. ఒక్కో పనికి ఒక్కో వాక్యం పెట్టమనండి. చేసిన పని భూతకాలంలో, గ్రాఫు చూపిస్తున్నది వర్తమానంలో. "ఎ", "ది" గురించి ఇప్పుడు బెంగ వద్దు, అర్థం చెడనంత వరకు చివర్లో చూసుకోవచ్చు.

ఇక మీరు రాయకపోయినా అందరి మనసులో ఉన్నది, ఏఐ. పిల్లలు వాడుతున్నారు, వాడరనుకోవడం అమాయకత్వం. తాము రాసిన పేరా ఇచ్చి "ఇందులో ఏ వాక్యం అర్థం కావడం లేదు?" అని అడిగితే ఉపయోగం. మొత్తం రాయమంటే నున్నగా, ఏమీ చెప్పకుండా వస్తుంది. రిఫరెన్సులు ఇమ్మంటే లేనివి కల్పించి ఇస్తుంది, జర్నల్ పేరు నిజం, పేపర్ అబద్ధం. ప్రతి డీఓఐ (పేపర్‌కి ఉండే శాశ్వత లింకు) తెరిచి చూశాకే లిస్టులో పెట్టమనండి. మా ఎలక్ట్రికల్ జర్నళ్లు వేసే ఐఈఈఈ అయితే ఏఐతో రాయించిన భాగముంటే కృతజ్ఞతల్లో చెప్పి తీరాలంటోంది. అలాగని ఏఐ డిటెక్టర్ చెప్పిందని ఎవర్నీ దొంగని చేయకండి. స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 2023లో పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని ఆ డిటెక్టర్లు తేల్చాయి. సాదా మాటలతో రాసే మీ జిల్లా పరిషత్ అమ్మాయే ముందు ఇరుక్కుంటుంది.

జవాబు: రీబౌండ్‌హ్యామర్ (హైదరాబాద్)

మేడం, ఆ అమ్మాయి గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేనూ నల్గొండ జిల్లాలో తెలుగు మీడియమే. ఎంటెక్ అయ్యాక ఇప్పుడు పాత బిల్డింగుల టెస్టింగ్ చేసే కన్సల్టెన్సీలో ఉన్నాను.

మా కాలేజీలో గ్రామర్ క్లాసులు పెట్టారు. ఖాళీలు పూరించడం, యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌గా మార్చడం. అందులో మార్కులు బాగానే వచ్చేవి, థీసిస్‌కి మాత్రం వీసమెత్తు ఉపయోగపడలేదు. నాకు రాయడం వచ్చింది ఉద్యోగంలోనే. క్లయింట్ రిపోర్టులో మొదటి పేరా తప్ప చదవడు. పిల్లర్ నిలబడుతుందా లేదా, జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు) కావాలా వద్దా, అది మొదటి రెండు లైన్లలో ఉండాలి. తర్వాతే హ్యామర్ రీడింగులు, కోర్ టెస్టులు. ఆ అలవాటుతో నా థీసిస్ తీసి చూస్తే అసలు సంగతి 61వ పేజీలో దొరికింది.

ఆ అమ్మాయికి మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ చూపించండి, ఆన్‌లైన్లో ఉచితం. "గత పరిశోధనల్లో ఇది చూడలేదు", "దీనికి ఒక కారణం ఇది కావచ్చు", "ఈ ఫలితం ఫలానావారి ఫలితంతో ఏకీభవిస్తుంది" లాంటి మాటలకి ఇంగ్లిష్‌లో అందరూ వాడే వాక్యాల చట్రాలు అందులో ఉన్నాయి. వాటిని వాడుకోవడం కాపీ కాదు, ఎవరి సొంత ఆలోచనా అందులో ఉండదు. ఖాళీ పేజీ ముందు బిగుసుకుపోయేవాళ్లకి చట్రం దొరికితే చెయ్యి కదులుతుంది.

ఒక్క విన్నపం. గట్టిగా చదివించడం అందరి ముందూ వద్దు. నన్నలా సెమినార్లో చదివించారు, ఉచ్చారణకి నవ్వారు. ఆ తర్వాత నేను ఎవరికీ డ్రాఫ్ట్ చూపించలేదు. మీ క్యాబిన్లో, తలుపు దగ్గరగా వేసి చదివించండి.

క్యూబ్‌టెస్ట్ (గుంటూరు)

అందరికీ థాంక్స్. ఆలస్యంగా వస్తున్నాను, మధ్యలో ఇంటర్నల్స్ వచ్చాయి.

అనంతపురం సర్ చెప్పినట్టు రాజీ పడ్డాను. అందరికీ ఫలితాల సెక్షన్ మాత్రమే పెట్టుకున్నాను. లైబ్రరీలో అడిగితే మినహాయింపులు నిజంగానే ఆన్ చేసి లేవు. చేయించాక స్లాగ్ అబ్బాయి రిపోర్టు 27 నుంచి 12కి దిగింది. మిగతాది లిటరేచర్ రివ్యూలో మక్కీకి మక్కీ ఎత్తుకొచ్చిన ముక్కలు, అవి వాడే తిరిగి రాయాలి. "కంప్రెసివ్ క్వాలిటీ" పోయింది.

ఆ అమ్మాయితో తెలుగులో మాట్లాడించి రికార్డ్ చేయించాను. పాత_గైడు సర్ ఊహించి రాసిన సంభాషణకి దగ్గరగానే మొదలైంది, తర్వాత నేను అనుకోని చోటికి వెళ్లింది. 40 శాతం మిక్స్‌లో ఒకరోజు మోల్డ్ విప్పబోతే అంచులు రాలిపోయాయట, అందుకని ఆ మిక్స్ ఒక్కదానికే ఇంకో రోజు ఆగి విప్పిందట. ఇది డ్రాఫ్ట్‌లో ఎక్కడా లేదు. "ఇది రాయొచ్చా మేడం? రాస్తే తప్పు చేశాననుకోరా?" అంది. మొదటిరోజు బలం ఎంత తక్కువుందో చెప్పే సాక్ష్యం అది, సైట్లో సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో తేల్చుకునేవాడికి ముందు కావాల్సింది అదే. ఒక పేరా రాసుకొచ్చింది. ఇంగ్లిష్‌లో తప్పులున్నాయి, చుక్కలు పెట్టి ఇచ్చాను. రెండు తప్ప అన్నీ తనే పట్టుకుంది.

రీసైకిల్డ్ అగ్రిగేట్ కుర్రాడు మాత్రం లొంగలేదు. "మేడం, మీరే రాసి ఇచ్చేయండి, నాకు ఉద్యోగంలో జాయినింగ్ ఉంది" అంటున్నాడు. వాడి సంగతి ఏం చేయాలో తెలియడం లేదు.

ఒక సందేహం కూడా ఉంది. ఆ అమ్మాయి 30 శాతం మిక్స్ మొదటి బ్యాచ్‌లో ఒక క్యూబ్‌కి హనీకూంబింగ్ (కాంక్రీటులో గుల్లలు) వచ్చింది, విలువ సగటుకి 15 శాతం కంటే బాగా కిందికి పోయింది. మళ్లీ పోసి టెస్ట్ చేసింది, రెండో బ్యాచ్ బాగుంది. థీసిస్‌లో మొదటి బ్యాచ్ ప్రస్తావన ఉండాలా? మా హెచ్‌ఓడీ అనవసరం అంటున్నారు.

పాత_గైడు (హనుమకొండ)

ఉండాలమ్మా. ఒక్క వాక్యం చాలు: మొదటి బ్యాచ్‌లో ఒక క్యూబులో హనీకూంబింగ్ కనబడింది, తేడా 15 శాతం దాటింది కాబట్టి ఆ శాంపిల్ ఫలితం వదిలేసి మళ్లీ పోశాం. మూడో చాప్టర్లో రాయండి, నాలుగో చాప్టర్లో కాదు. వదిలేసిన విలువలు అనుబంధంలో పెట్టమనండి. మొత్తం శాంపిల్ వదిలేయాలి సుమా, ఆ ఒక్క క్యూబు తీసేసి మిగతా రెండింటి సగటు వేయకూడదు. పిల్లలు చేసేది సరిగ్గా అదే. హెచ్‌ఓడీ గారు అడిగితే, వైవాలో ఎక్స్‌టర్నల్ ల్యాబ్ రిజిస్టర్ తెప్పించుకుని చూస్తే ఏం చెబుతారో ఆయన్నే అడగండి.

జాయినింగ్ కుర్రాడికి మీరు రాసివ్వకండి. కంపెనీ పేరు కనుక్కుని, అక్కడ చేరిన మొదటి నెలలో ఏం రిపోర్టులు రాయాలో రీబౌండ్‌హ్యామర్ చేత ఒక ఫోన్ చేయించండి.

రీబౌండ్‌హ్యామర్ (హైదరాబాద్)

నేను రెడీ సర్. ఆదివారం పొద్దున పదింటికి అయితే సైట్ ఉండదు. మేడం, నంబరు ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి. హనీకూంబింగ్ క్యూబు ఫోటో ఉంటే అనుబంధంలో అదీ పెట్టించండి, పక్కన స్కేలు పెట్టి తీసినదైతేనే.